‘ప్లెథోరా’కు ఎర్ర ఇంకు పడింది

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లెటూరు. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి, పరవాడ ఫార్మా సిటీలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ విభాగంలో ఐదేళ్లుగా పనిచేస్తున్నాను. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, మెయిళ్లు రాయగలను. అయితే డీవియేషన్ రిపోర్టులు (నిర్దేశించిన పద్ధతి తప్పినప్పుడు రాసేవి), ఆడిటర్లకు జవాబులు రాయడం వస్తేనే పదోన్నతి అంటున్నారు. నా భాష అందుకు చాలదట. ఏడాదిగా రోజుకు 10 కష్టమైన పదాలు నోటు పుస్తకంలో రాసుకుని బట్టీ పడుతున్నాను. మొన్న ఒక రిపోర్టులో ‘ఎ ప్లెథోరా ఆఫ్ పార్టికల్స్ వాజ్ అకర్డ్ ఇన్ ది వయల్స్’ అని రాస్తే మా మేనేజరు గారు ‘ప్లెథోరా’ను కొట్టేసి ఎర్ర ఇంకుతో ‘మెనీ’ అని రాశారు. పక్కవాళ్లు నవ్వారు. టెన్సులన్నీ నాకు కంఠస్థమే, అయినా రాసేటప్పుడు తప్పులు దొర్లుతున్నాయి. 90 రోజుల అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్ కోర్సు ఒకటి ఉంది. ఫీజు 25,000 రూపాయలు. చేరమంటారా?
ఒక పాఠకురాలు, అనకాపల్లి జిల్లా

సమాధానం: అమ్మా, ముందు ఆ ఎర్ర ఇంకు సంగతి చూద్దాం. మీ మేనేజరు గారు ‘ప్లెథోరా’ను కొట్టేయడం సబబే. కానీ ఆ చోట ‘మెనీ’ అని రాయడంతో పని సగమే అయింది. క్వాలిటీ రిపోర్టు చదివే ఆడిటరుకు ‘చాలా’ అన్నా ‘బోలెడు’ అన్నా ఒకటే. ఆయనకు కావలసింది అంకె. తనిఖీ చేసిన 200 వయల్స్‌లో, అంటే మందు సీసాల్లో, 14 వయల్స్‌లో రేణువులు కనిపించాయనుకోండి. ‘పార్టికల్స్ వర్ అబ్జర్వ్‌డ్ ఇన్ 14 ఆఫ్ ది 200 వయల్స్ ఇన్‌స్పెక్టెడ్’ అని రాస్తే సరిపోతుంది. ఈ వాక్యంలో మీకు తెలియని పదం ఒక్కటీ లేదు. అయినా ఇది ఉన్నత స్థాయి ఇంగ్లిష్ వాక్యమే. ఇక అసలు తప్పు ‘వాజ్ అకర్డ్’. అది ఎర్ర ఇంకుకు దొరకకుండా తప్పించుకుంది. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

‘ప్లెథోరా’ ఒకప్పుడు వైద్యుల పదం. ఒంట్లో రక్తం ఎక్కువై పొంగడాన్ని అలా అనేవారు. ఆ వాసన ఇప్పటికీ పోలేదు. అవసరానికి మించి వచ్చి పడ్డాయన్న ధ్వని అందులో ఉంటుంది. టీవీ ఛానెళ్ల గురించి పత్రికలో వ్యాసం రాసేవారికి ఆ పదం బాగానే పనికొస్తుంది. ఇంజెక్షను వయల్ విషయంలో మాత్రం అవసరానికి మించిన రేణువులు అన్నారంటే, అవసరమైనన్ని రేణువులు కొన్ని ఉండవచ్చని ఒప్పుకున్నట్టే. మీ నోటు పుస్తకంలో ఆ పదం పక్కన ‘అధికం’ అనో ‘పుష్కలం’ అనో ఒక్క తెలుగు మాట ఉండి ఉంటుంది. ఒక పదానికి ఒక అర్థం రాసుకుని బట్టీ పట్టే పద్ధతిలో ఈ ధ్వనులేవీ పట్టుబడవు. పదం ఎవరి నోట, ఏ సందర్భంలో, ఏ మాటల పక్కన వస్తుందో పుస్తకం చెప్పలేదు, మీరూ అడగలేదు. రోజుకు 10 చొప్పున ఏడాదికి 3,650 పదాలు. వాటిలో మీ రిపోర్టులలోకి సరిగ్గా వచ్చి కూర్చున్నవి ఎన్నో ఒకసారి లెక్క పెట్టుకోండి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీకు ఇప్పుడు కొత్త పదాల అవసరం తక్కువ. ‘వచ్చు’ అనుకుని మీరు పక్కన పెట్టేసిన పదాలను పూర్తిగా స్వాధీనం చేసుకోవలసిన అవసరం చాలా ఎక్కువ. వ్యాకరణమూ అంతే. పన్నెండు టెన్సుల పట్టిక మళ్లీ మొదటి నుంచి చదవనక్కర్లేదు. తెలుగు తల్లిభాషగా ఉన్నవారు చేసే తప్పులు కొన్ని ఉన్నాయి. అవి అనుకున్న చోటే వస్తాయి, అనుకున్న కారణానికే వస్తాయి. వాటిని పట్టుకుంటే మీ పని చాలావరకు అయినట్టే.

పదాల సంగతి ముందు చూద్దాం. న్యూజిలాండ్ పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో ఒక లెక్క వేశారు. నవలలు, పత్రికలు ఎవరి సాయమూ లేకుండా చదువుకోవాలంటే సుమారు 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు తెలియాలన్నారు. పదకుటుంబం అంటే ఒక మూల పదం, దాని నుంచి పుట్టిన రూపాలు. ఆ సంఖ్య చూసి బెంబేలు పడకండి, అది చదవడానికి వేసిన లెక్క. అదే దేశంలో ఎవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో మరో జాబితా ప్రచురించారు. విశ్వవిద్యాలయ స్థాయి పాఠ్యాలను గాలించి, మామూలు వాడుక పదాలను మినహాయించి, అన్ని శాస్త్రాల్లోనూ పదే పదే కనిపించే 570 పదకుటుంబాలను ఏరారు. అలాంటి పాఠ్యాల్లో నూటికి పది పదాలు వీటి నుంచే వస్తాయి. మీ రిపోర్టుల భాష దాదాపు ఇదే. జాబితాలో మొదటి విడత చూస్తే ‘ఐడెంటిఫై’, ‘ఇండికేట్’, ‘రిక్వైర్’, ‘వేరీ’, ‘సిగ్నిఫికెంట్’, ‘ఎవిడెంట్’ వంటివి కనిపిస్తాయి. ‘అకర్’ కూడా అందులోదే.

ఇవన్నీ నాకు తెలుసు అంటారు. మరి ‘వేరీ’ నుంచి ‘వేరియేషన్’, ‘వేరియబుల్’, ‘వేరియంట్’, ‘వేరియబిలిటీ’, ‘ఇన్‌వేరియబ్లీ’ అన్నవి ఏది ఎక్కడ వాడాలో తడుముకోకుండా రాయగలరా? ఈ బ్యాచ్‌కూ ఆ బ్యాచ్‌కూ ఫలితాల్లో తేడా ఉందంటే వేరియేషన్. తేడా చూపే ఉష్ణోగ్రత వంటి అంశం వేరియబుల్. తేడాలు వచ్చే గుణం వేరియబిలిటీ. మీ ఉద్యోగంలో రోజూ పనికొచ్చే తేడాలు ఇవి. ‘అమీలియరేట్’ బట్టీ పట్టడానికి పోయే సమయం దీని మీద పెట్టండి.

పదం తెలియడం అంటే దాని తోడు తెలియడం కూడా. తెలుగులో స్నానం చేస్తాం, నిద్ర పోతాం, అబద్ధం ఆడతాం, ఒట్టు వేస్తాం, ఉపవాసం ఉంటాం. ఎవరైనా పొరుగు రాష్ట్రం వారు వచ్చి ‘అతను అబద్ధం చేశాడు’ అంటే మనకు విషయం అర్థమవుతుంది, వారికి తెలుగు ఇంకా పూర్తిగా రాలేదన్నదీ అర్థమవుతుంది. వ్యాకరణం ప్రకారం ఆ వాక్యంలో తప్పు చూపించలేం. ఇంగ్లిష్‌లోనూ అంతే. శాంపిల్ ‘డ్రా’ చేస్తారు, లేదా ‘టేక్’ చేస్తారు. ఇన్వెస్టిగేషన్ ‘కండక్ట్’ చేస్తారు. బ్యాచ్ స్పెసిఫికేషన్‌ను ‘మీట్’ అవుతుంది. కంక్లూజన్ ‘డ్రా’ చేస్తారు, లేదా దానికి ‘రీచ్’ అవుతారు. మిస్టేక్ ‘మేక్’ చేస్తారు, రీసెర్చ్ ‘డూ’ చేస్తారు. జె.ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త, పదం ఎటువంటిదో దాని సావాసాన్ని బట్టి తెలుస్తుందని 1957లో రాశారు. 1919 నుంచి 1928 వరకు లాహోర్‌లో ఇంగ్లిష్ ఆచార్యుడిగా పనిచేసిన మనిషి ఆయన. మన దేశపు విద్యార్థులు రాసిన ఇంగ్లిష్ ఆయన ఎంత చూసి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఈ సావాసంలో చిన్న మాటలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. మీ పని మొత్తం కారణమూ ఫలితమూ చెప్పడమే కాబట్టి ఈ జంట చూడండి: ‘రిజల్ట్ ఇన్’, ‘రిజల్ట్ ఫ్రమ్’. ‘ఫిల్టర్ డ్యామేజ్ రిజల్టెడ్ ఇన్ కంటామినేషన్’ అంటే ఫిల్టరు పాడవడం వల్ల కల్తీ జరిగింది. ‘ఇన్’ బదులు ‘ఫ్రమ్’ పెడితే కల్తీ వల్ల ఫిల్టరు పాడయిందని అర్థం. రూట్ కాజ్, అంటే మూల కారణం, తలకిందులైపోయింది, అదీ ఒక్క విభక్తి ప్రత్యయమంత మాటతో. ‘ప్లెథోరా’ తప్పుగా వాడితే నవ్వుతారు. ఇది తప్పుగా వాడితే కంపెనీ జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

‘ఎట్రిబ్యూట్’కు ‘టు’ తోడు: ఫలానా దాన్ని ఫలానా కారణానికి ఎట్రిబ్యూట్ చేశారు. ‘కంప్లై’కి ‘విత్’, ‘కన్ఫర్మ్’కు (ఎఫ్ తరువాత ఐ కాదు, ఓ ఉన్న పదం) ‘టు’, ‘డీవియేట్’కు ‘ఫ్రమ్’, ‘కన్సిస్ట్’కు ‘ఆఫ్’. ఇక తోడు అక్కర్లేని పదాలకు మనం బలవంతంగా తోడు అంటగడతాం. ‘డిస్కస్’, ‘ఇన్వెస్టిగేట్’, ‘మెన్షన్’ నేరుగా కర్మను పట్టుకుంటాయి. కానీ తెలుగులో ‘ఆ విషయం గురించి చర్చించాం’ అంటాం కదా, ఆ ‘గురించి’ వెళ్లి ‘ఎబౌట్’ అయి కూర్చుంటుంది. ఇక ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్’ మన ఆఫీసుల్లో ఎంత పాతుకుపోయినా ఆడిటరుకు రాసే జవాబులో వద్దు. ఏది అవసరమో మనమే చెప్పకపోతే ఆయనకు ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు ‘వాజ్ అకర్డ్’. ‘అకర్’ తనంతట జరిగేదాన్ని చెప్పే క్రియ. దానికి కర్మ ఉండదు. కర్మ లేని క్రియకు కర్మణి ప్రయోగం, అంటే ప్యాసివ్, కుదరదు. ‘ది డీవియేషన్ అకర్డ్’ అంటే చాలు. ‘హ్యాపెన్’, ‘ఎరైజ్’, ‘ఎగ్జిస్ట్’, ‘డిసప్పియర్’ అదే కోవలోవి. ఈ తప్పు మనకు ఇంత తేలికగా ఎందుకు వస్తుంది? తెలుగులో ఈ తేడా క్రియ రూపంలోనే వినిపిస్తుంది. జరిగింది, జరిపారు. ఆగింది, ఆపారు. మారింది, మార్చారు. పగిలింది, పగలగొట్టారు. తనంతట అయిందా, ఒకరు చేశారా అన్నది చెవికే తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో ‘స్టాప్’, ‘ఛేంజ్’, ‘బ్రేక్’ రెండు పనులకూ ఒకే రూపంతో నిలబడతాయి. రూపంలో ఆధారం దొరకక మన చేయి తడబడి, జరిగిన ప్రతిదానికీ ఒక ‘వాజ్’ తగిలిస్తుంది.

మీ రిపోర్టుల్లో దీని పర్యవసానం చూడండి. ‘ది మెషీన్ స్టాప్డ్’ అంటే యంత్రం ఆగింది. ‘ది మెషీన్ వాజ్ స్టాప్డ్’ అంటే ఎవరో ఆపారు. మొదటిది చదివిన ఆడిటరు యంత్రం నిర్వహణ రికార్డులు అడుగుతాడు. రెండోది చదివితే ఎవరు ఆపారు, ఎందుకు, ఎవరి అనుమతితో, ఎక్కడ నమోదు చేశారు అని అడుగుతాడు. ‘ది వయల్ బ్రోక్’, ‘ది వయల్ వాజ్ బ్రోకెన్’ కూడా అలాంటివే. పైగా రెండో దానికి రెండు అర్థాలున్నాయి: పగిలి ఉంది, లేదా ఎవరో పగలగొట్టారు. అటువంటి చోట ‘ది వయల్ వాజ్ ఫౌండ్ బ్రోకెన్’ అంటే సందేహం తీరిపోతుంది. రాసే ముందు ఆ వాక్యాన్ని మనసులో తెలుగులో అనుకోండి. ‘ఆగింది’ వచ్చిందా, ‘ఆపారు’ వచ్చిందా? మీ తెలుగు మాధ్యమం ఇక్కడ మీకు లోటు కాదు, మంచి కొలబద్ద. ఇంగ్లిష్‌లోనే ఆలోచించమని చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఈ ఒక్క విషయంలోనైనా వారి మాట వినకండి.

ఇలాంటిదే మరొకటి, అనుభవం ఉన్న అధికారులు కూడా చేసే తప్పు. ‘ఆఫ్టర్ ఇన్‌స్పెక్టింగ్ ది వయల్స్, పార్టికల్స్ వర్ అబ్జర్వ్‌డ్.’ చూడటానికి బాగానే ఉంది. కానీ ఇంగ్లిష్ వ్యాకరణం ప్రకారం వయల్స్‌ను తనిఖీ చేసింది ఎవరు? రేణువులే. మొదటి భాగంలో పని చేసినవారే రెండో భాగానికి కర్త కావాలన్నది నియమం. ఈ నియమం మీకు తెలుగులో ఎవరూ నేర్పకుండానే వచ్చు. ‘వయల్స్ పరీక్షించి రేణువులు కనిపించాయి’ అని మీరు ఎన్నడూ అనరు. ‘పరీక్షించి చూశాను’ అంటారు, కర్త ఒకరే కాబట్టి. కర్త మారితే ‘పరీక్షించగా రేణువులు కనిపించాయి’ అంటారు. ఆ ‘ఇ’కీ ఈ ‘గా’కీ ఉన్న తేడాయే ఇంగ్లిష్‌లో అడుగుతున్నారు. ‘గా’ వచ్చిన చోట ‘వెన్’తో పూర్తి వాక్యం కట్టండి: ‘వెన్ ది వయల్స్ వర్ ఇన్‌స్పెక్టెడ్, పార్టికల్స్ వర్ అబ్జర్వ్‌డ్.’ ‘ఇ’ వచ్చిన చోట ‘ఆఫ్టర్ ఇన్‌స్పెక్టింగ్’ పెట్టి, వెంటనే పని చేసిన మనిషిని తీసుకురండి: ‘ది అనలిస్ట్ రికార్డెడ్’ అనో మరొకటో.

టెన్సుల పట్టిక కంఠస్థమైనా తప్పులు ఎందుకు పడుతున్నాయని అడిగారు. పట్టికలో పన్నెండు గళ్లున్నాయి, మీ తెలుగు క్రియలో అన్ని లేవు. ‘శాంపిల్ తీశాను’ అన్న ఒక్క రూపం ‘నిన్న తీశాను’కూ పనికొస్తుంది, ‘ఇప్పటికే తీశాను’కూ పనికొస్తుంది. ఇంగ్లిష్ ఈ రెంటినీ విడదీస్తుంది. గడిచిపోయిన తేదీగానీ సమయంగానీ వాక్యంలో ఉంటే సింపుల్ పాస్ట్ తప్ప మరొకటి వద్దు. ‘ఐ హావ్ కలెక్టెడ్ ది శాంపిల్ ఎస్టర్‌డే’ కుదరదు, ‘ఐ కలెక్టెడ్’ అనాలి. డీవియేషన్ రిపోర్టు అంటే తేదీల మయం కాబట్టి జరిగిన కథ దాదాపు అంతా సింపుల్ పాస్ట్‌లోనే నడుస్తుంది. ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ పనికొచ్చే చోటు ఆడిటరుకు ఇచ్చే జవాబు. ‘ది ఎస్‌ఓపీ హాజ్ బీన్ రివైజ్డ్’ (ఎస్‌ఓపీ అంటే పని చేయవలసిన పద్ధతి రాసిన పత్రం) అంటే సవరణ అయిపోయింది, ఇప్పుడు కొత్తది అమల్లో ఉందన్న స్థితి చెబుతున్నారు. అదే వాక్యానికి తేదీ చేర్చారో, ‘హాజ్ బీన్’ పోయి ‘వాజ్’ రావాలి.

‘హాడ్’ మన వాళ్లకు మరీ ప్రీతి. గతం అనగానే ‘ది ఆపరేటర్ హాడ్ అబ్జర్వ్‌డ్’ అని రాస్తారు, ఇంకాస్త గౌరవంగా ఉంటుందన్నట్టు. కథ గతంలో నడుస్తుండగా అంతకు ముందు జరిగినదాన్ని చెప్పవలసి వచ్చినప్పుడే దానితో పని. ఉదయం 10 గంటలకు ఆపరేటరు రేణువులు చూశాడు, అంతకు ముందే 8 గంటలకు ఫిల్టరు మార్చి ఉన్నారు. ఆ ‘మార్చి ఉన్నారు’కే ‘హాడ్ బీన్ రీప్లేస్డ్’. మీ పాత రిపోర్టు ఒకటి తీసి ప్రతి ‘హాడ్’కూ గీత గీయండి. చాలావాటిని తీసేసినా అర్థం చెక్కు చెదరదు.

ఆర్టికల్స్ విషయంలో ఎవరూ మీకు పూర్తి భరోసా ఇవ్వలేరు. తెలుగులో అవి లేవు. అందుకే ఎంత చదివినా ఒకటో రెండో జారుతూనే ఉంటాయి. ఒక్క నియమం మాత్రం గట్టిగా పట్టుకోండి: లెక్కపెట్టగల వస్తువు ఏకవచనంలో ఉంటే దాని ముందు ఏదో ఒకటి ఉండాలి. ‘ఎ’, ‘ది’, ‘దిస్’, ‘ఈచ్’, ఏదైనా సరే. ‘ఆపరేటర్ ఓపెన్డ్ వాల్వ్’ అని బోసిగా వదలకూడదు. లెక్కపెట్టలేని నామాలు మరో తలనొప్పి. మందుల పరిశ్రమలో ‘ఎక్విప్‌మెంట్స్’ అన్న మాట గోడల మీద కూడా కనిపిస్తుంది. ‘ఎక్విప్‌మెంట్’, ‘ఇన్ఫర్మేషన్’, ‘ఎవిడెన్స్’, ‘ఫీడ్‌బ్యాక్’, ‘మెషినరీ’ వీటికి చివర ‘ఎస్’ రాదు. లెక్క చెప్పాలంటే ‘త్రీ పీసెస్ ఆఫ్ ఎక్విప్‌మెంట్’ అనాలి.

ఇక సాధన. మీకు కావలసిన ఇంగ్లిష్ ఉచితంగా, మీ రంగంలోనే, నిపుణులు రాసినది సిద్ధంగా ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, నిబంధనలు పాటించని కంపెనీలకు పంపే హెచ్చరిక లేఖలను తన వెబ్‌సైటులో పెడుతుంది. మన దేశపు కంపెనీలకు వచ్చినవీ వాటిలో ఉంటాయి. ‘యువర్ ఫర్మ్ ఫెయిల్డ్ టు’ అంటూ మొదలయ్యే ఆ వాక్యాలు చదవండి. అలంకారాలు లేవు, అరుదైన పదాలు దాదాపు లేవు, అయినా తప్పించుకోవడానికి సందు ఉండదు. ఏమి చూశారు, ఎప్పుడు, ఏ పత్రంలో, దాని వల్ల ఏమి ప్రమాదం అన్నది వరుసగా వస్తుంది. వాక్యాన్ని వాక్యంతో కలిపే తీరు కూడా అక్కడే నేర్చుకోవచ్చు.

చదివి ఊరుకుంటే లాభం లేదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రవాడిగా బోస్టన్‌లో అన్న దగ్గర అచ్చు పని నేర్చుకుంటున్నప్పుడు, లండన్ నుంచి వెలువడిన స్పెక్టేటర్ పత్రిక సంపుటం ఒకటి చేతికి వచ్చింది. అందులో వ్యాసం చదివి, ఒక్కో వాక్యంలోని భావానికి చిన్న గుర్తు రాసుకుని, కొన్ని రోజులు పక్కన పెట్టి, ఆ గుర్తుల ఆధారంగా మళ్లీ తన మాటల్లో రాసేవాడట. తరువాత మూలం పక్కన పెట్టుకుని పోల్చి దిద్దుకునేవాడు. మీరు అదే పని ఆ లేఖల్లోని ఒక్కో పేరాతో చేయండి. గుర్తులు తెలుగులోనే రాసుకోండి, మూడు రోజులు ఆగండి, తెలుగు గుర్తుల నుంచి ఇంగ్లిష్ పేరా కట్టండి, మూలంతో పోల్చండి. మీ మాటలకూ మూలానికీ తేడా వచ్చిన చోట్లే మీ పాఠాలు. వారానికి రెండు పేరాలు చాలు. రోజూ చేయాలని పెట్టుకుంటే రెండో వారానికే మానేస్తారు, ఉద్యోగం చేసేవారి సంగతి నాకు తెలుసు.

ఆ తేడాలు రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం పెట్టండి. పాతది పారేయనక్కర్లేదు, వెనక పేజీల నుంచి మొదలుపెట్టండి. ఎడమవైపు మీరు రాసిన వాక్యం, కుడివైపు సరైన వాక్యం, కింద కారణం తెలుగులో ఒక ముక్క. నెల తిరిగేసరికి మీరు చేసే తప్పులు వందల రకాలు కావని, అవే ఐదారు మళ్లీ మళ్లీ వస్తున్నాయని మీకే కనిపిస్తుంది. రిపోర్టు పంపే ముందు ఆ ఐదారింటి కోసమే ఒకసారి చదవండి. అన్ని తప్పులనూ ఒకేసారి వెతికితే ఒక్కటీ దొరకదు. కొత్త పదాలు వారానికి ఐదుకు మించి వద్దు. అవీ మీ లేఖల్లో తారసపడినవే, తోడు మాటలతో సహా, మీ సొంత వాక్యంలో పెట్టి రాసుకోండి.

నిఘంటువు మార్చండి. ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు అర్థం చెబుతుంది, వాడుక చెప్పదు. పరభాషీయుల కోసం ప్రత్యేకంగా తయారైన లెర్నర్స్ డిక్షనరీలు ఉన్నాయి. జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ, మరో ఇద్దరితో కలిసి అక్కడి విద్యార్థుల అవస్థలు చూసి తయారుచేసినది 1942లో టోక్యోలో వెలువడింది. దాన్నే తరువాత ఆక్స్‌ఫర్డ్ వారు తీసుకుని ప్రపంచమంతా పంచారు. అందులో అర్థం చదివి మూసేయకండి. నామం లెక్కకు వచ్చేదా కాదా, క్రియకు కర్మ ఉంటుందా లేదా, పక్కన ఏ చిన్న మాట వస్తుంది, ఉదాహరణ వాక్యం ఎలా ఉంది అన్నవి చూడండి. ‘అకర్’ దగ్గర కర్మ ఉండదన్న గుర్తు స్పష్టంగా ఉంటుంది. ఆ నిఘంటువు ఇంటర్నెట్టులో ఉచితంగానే దొరుకుతుంది.

మీరు అడగలేదు గానీ, కృత్రిమ మేధ పరికరాల గురించీ చెప్పాలి. కంపెనీ రిపోర్టును అలాంటి వాటిలో అతికించవద్దు. అది మీ ఉద్యోగానికే ఎసరు పెట్టవచ్చు. సాధన కోసం రాసుకున్న పేరాలకు వాడుకోండి. అయితే దిద్దమని అడగవద్దు, తప్పున్న చోట గీత మాత్రం గీయమని అడిగి సవరణ మీరే చేయండి. అది దిద్ది ఇచ్చిన అందమైన పేరా చూసి నేర్చుకున్నామనుకోవడం సులువు, మర్నాడు ఖాళీ కాగితం ముందు కూర్చుంటే తెలుస్తుంది.

కోర్సు విషయం. కేంబ్రిడ్జి పరీక్షల వారి అంచనా ప్రకారం భాషా సామర్థ్యానికి వాడే యూరప్ కొలమానంలో బీ2 స్థాయికి మొత్తం 500 నుంచి 600 గంటల శిక్షణ, ఆ పైన ఉన్న సీ1 స్థాయికి 700 నుంచి 800 గంటలు పడుతుంది. మీ ఉత్తరాన్ని బట్టి మీరు బీ2 దగ్గర ఉన్నారనిపిస్తోంది. పై మెట్టుకు సుమారు 200 గంటలు. రోజుకు గంట చొప్పున 90 రోజులు అంటే సగం కూడా కాదు. ‘అడ్వాన్స్‌డ్’ అన్న మాట ఆ కోర్సు పేరులో ఉంటుంది, ఫలితంలో ఉంటుందన్న హామీ లేదు. అయినా చేరాలనిపిస్తే ఒక్క ప్రశ్న అడగండి: నేను రాసినది వారానికి ఎన్నిసార్లు చదివి దిద్దుతారు? తరగతిలో వంద మంది, చేతిలో పదాల జాబితా, వారాంతంలో టిక్కులు పెట్టే పరీక్ష అంటే మీ 25,000 మీ దగ్గరే ఉంచుకోండి. పది మంది కూడా లేని తరగతిలో, ప్రతి వారం మీ రాత మీద గీతలు గీసి ఇచ్చే మాస్టారు ఉంటే ఆ డబ్బు దండగ కాదు.

ఇంతకన్నా చవకైన మార్గం ఒకటి మీ కార్యాలయంలోనే ఉంది. ఒక నెల ఈ సాధన చేశాక మీ మేనేజరు గారిని కలవండి. ఎర్ర ఇంకు పట్టుకునే ఓపిక ఉన్న మనిషి అంటే మీకు అదృష్టమే, చాలామంది పై అధికారులు తామే తిరగరాసి పంపేస్తారు. మైనర్ వర్గంలోకి వచ్చే ఒక చిన్న డీవియేషన్‌కు మొదటి చిత్తుప్రతి మీరు రాస్తానని, దిద్దిన కాపీ మీకు తిరిగి ఇవ్వమని అడగండి. అలా నాలుగైదు అయ్యాక మేజర్ వర్గంలోవి అడగండి. ఆడిటర్లకు జవాబులు ఆ తరువాతే. ఎఫ్‌డీఏ తనిఖీలో కనిపించిన లోపాలు రాసి ఇచ్చే 483 పత్రం చేతికి వస్తే కంపెనీలు 15 పనిదినాల్లో జవాబు పంపడానికి పరుగులు పెడతాయి. ఆ రోజుల్లో మీకు వాక్యం ఎలా కట్టాలో కూర్చుని చెప్పే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి, చిన్న రిపోర్టులు ఇప్పుడే అడిగి తీసుకోండి.